ఒంటిగీత దుంగ

తెనాలిలో బసవలింగం గారి కోతమిల్లుకి దుంగల లారీ వచ్చిందంటే, సరుకు దింపాక ఓ అరగంట సేపు ఆ దరిదాపులకి ఎవరూ పోరు. ఆ అరగంట ఎబినేజర్‌ది. రంపం ఆపేస్తారు. హమాలీలు టీకి పోతారు. చిన్న గొడ్డలి చేతపట్టుకుని ఆయన ఒక్కో దుంగ దగ్గరా ఆగి, గొడ్డలి వెనక వైపుతో మూడు దెబ్బలు కొట్టి, తల పక్కకి వంచి కర్ర పలికే తీరు వింటాడు. తర్వాత ఎర్ర జాజు డబ్బాలో కుంచె ముంచి దుంగ మొదట్లో గుర్తు వేస్తాడు. ఒక గీత పడితే అది పడవలకి పోయే కర్ర. రెండు గీతలు ద్వారబంధాలకి. సున్నా చుడితే పళ్ల పెట్టెలకీ, సెంట్రింగు పలకలకీ. పక్కన మనిషి ఉంటే కర్ర మాట్లాడదని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లుగా మిల్లంతా ఆ నమ్మకానికి తలొంచుతూనే ఉంది.

ఆ గుర్తుల మీదే మిల్లు నడుస్తుంది. కొల్లిపర నుంచి రోజూ బస్సులో వచ్చే హేమ, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గుర్తులన్నీ ఎక్కించి, వారానికి సరిపడా లిస్టు తీస్తుంది. ఏ రోజు ఏ దుంగ, ఎన్ని అంగుళాల పలక, ఎవరి ఆర్డరు, అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితం రంపం పక్క స్తంభానికి అంటిస్తే, ట్రాలీ మీద దుంగ ఎక్కించి కోసే రామాంజి దాని ప్రకారం కోసుకుంటూ పోవాలి. గుర్తు పడ్డాక మార్చే హక్కు ఓనరునైన తనకి కూడా లేదని బసవలింగం గారే నలుగురిలో అంటుంటారు.

ఇంత మర్యాద నెత్తిన పెట్టుకున్న మనిషికి కిందటి వానాకాలం నుంచి చెవులు పనిచేయటం లేదు.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి, ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే కాస్త పలుకుతుంది. గుంటూరులో డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే పదిమందికీ కనపడుతుంది. చెవి మీద బతికేవాడికి చెవి పోయిందని తెలిస్తే ఇంకేముంది? ఎబినేజర్ మిషను కొనలేదు. గొడ్డలితో కొట్టడం మాత్రం మానలేదు. కొట్టి, తల వంచి, ఏమీ వినపడకుండానే కాసేపు ఆగి, బెరడు చూసి, కోత ముఖం రంగు చూసి, దింపేటప్పుడు హమాలీల భుజాలు ఎంత కుంగాయో తలుచుకుని గుర్తు వేసేవాడు. ఎనిమిది నెలల్లో ఒక్క దుంగ కూడా తప్పలేదు. కళ్లు చెవుల పని కూడా నేర్చుకున్నాయని తనకి తానే చెప్పుకున్నాడు. గర్వపడ్డాడు కూడా, దాచడమెందుకు.

ఆయనకి చిరాకు తెప్పించేది ఒక్కటే. రామాంజి కొన్ని దుంగల్ని లిస్టులో ఉన్నా కోయకుండా వెనక గోడవారకి దొర్లించేస్తున్నాడు. అడిగితే బ్లేడు పదును లేదనేవాడు, రేపు చూద్దాంలే బాబాయ్ అనేవాడు. అలా ఏడు దుంగలు పోగయ్యాయి. ఒకదాని బదులు ఇంకోటి కోస్తుంటే హేమ లిస్టు వారం వారం తారుమారవుతోంది. తన గుర్తుకి ఇంత అలుసా అని ఎబినేజర్‌కి కడుపు మండింది. మే నెల మొదట్లో తనే వెళ్లి ఓనరు గారితో చెప్పాడు. బసవలింగం గారు రామాంజిని అందరి ముందూ పిలిచి, గుర్తు పడిన దుంగని ముట్టుకుని చూసే పని నీకు లేదు, లిస్టులో ఏముందో అది కొయ్యి అని గట్టిగా చెప్పారు. రామాంజి సరేనండి అన్నాడు.

ఇది జరిగిన పదో రోజు గురువారం నాడు దుంగ పగిలింది.

అది మామూలు దుంగ కాదు. నిజాంపట్నం సుందరయ్య పడవకి అడుగు దూలం కోసం తెప్పించిన ఇరవై నాలుగడుగుల మద్ది. జూన్ పధ్నాలుగుతో సముద్రం మీద వేట నిషేధం అయిపోతుంది. పదిహేనో తారీకున పడవలన్నీ నీళ్లలో పడతాయి. ఈలోగా సుందరయ్య పడవకి పాత దూలం తీసి కొత్తది వేయాలి. పడవకి అది వెన్నెముక లాంటిది. అందుకే ఎబినేజర్ ఆ దుంగ చుట్టూ రెండుసార్లు తిరిగి మరీ ఒక గీత వేశాడు.

రామాంజి ముందుగా దుంగ రెండు తలలూ చదరంగా కోయించాడు. ట్రాలీ మీదకి ఎక్కించి మొదటి పలక తీశాడు. రెండో కోత సగానికి వచ్చేసరికి దుంగ ఉన్నట్టుండి నోరు తెరిచింది. లోపల మోచేతి దాకా చెయ్యి పట్టేంత డొల్ల. దాని నిండా చెదలు పెట్టిన మట్టి, ఇసుక. బ్లేడు తెగి ఇనపకంచెకి కొట్టుకుంది. ఒక ముక్క రామాంజి ముంజేతిని గీరుకుంటూ పోయింది. ఎబినేజర్‌కి ఆ చప్పుడు పాదాల కింద అదురులా తెలిసింది. తిరిగి చూసేసరికి అందరూ నిలబడిపోయి ఉన్నారు.

బసవలింగం గారు ఆఫీసులోంచి వచ్చి, ఆ డొల్లకేసి చూసి, రామాంజికేసి చూశారు. ఎబినేజర్ తప్పు చేస్తాడన్న ఆలోచన ఆయనకి రాలేదు. ఆయనకే కాదు, అక్కడున్న ఎవరికీ రాలేదు. సున్నా దుంగని తెచ్చి ఒంటిగీత దుంగ అని ఎక్కించావు, దుంగల్ని ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ దొర్లించేవాడికి ఏది ఏదో ఎలా గుర్తుంటుంది అని ఆయన కేకలేశారు. రామాంజి చేతికి గుడ్డ చుట్టుకుంటూ ఒక్కసారి ఎబినేజర్ వైపు చూశాడు.

ఎబినేజర్ ఆ దుంగని గుర్తుపట్టాడు. మొదలుకి జానెడు పైన లారీ గొలుసు ఒరిసిన మచ్చ ఉంది. పొద్దున కోసి పడేసిన తల ముక్క సరిగ్గా ఆయన కాళ్ల దగ్గరే ఉంది. దాని మీద జాజుతో ఒక గీత, ఆకాశంకేసి చూస్తూ. ఎబినేజర్ కాలితో దాన్ని తిరగేశాడు. ఎందుకు తిరగేశావని ఆ క్షణంలో ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేవాడు.

"ఇది నువ్వు గీత వేసిందేనా?" ఓనరు గారు ఎదురుగా వచ్చి అడిగారు.

"తల కోసేశాక ఏది ఏదో ఎలా చెబుతామండి?" అన్నాడు ఎబినేజర్.

అది అబద్ధం కాదు గానీ, దాని చుట్టమే. రామాంజి మేకుకి తగిలించిన చొక్కా తీసుకుని, వేసుకోకుండానే భుజాన వేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. సాయంత్రం హోటలు వాళ్ల బండి వచ్చి కట్టెలతో పాటు ఆ తల ముక్కని కూడా పట్టుకుపోయింది.

శుక్రవారం ట్రాలీ మీద ప్రతాప్ అనే హమాలీ నిలబడ్డాడు. పని వచ్చు గానీ ఓపిక లేదు. పలకలు ఒక చివర లావు, ఒక చివర సన్నం వచ్చాయి. ఎవరూ ఎబినేజర్‌ని ఏమీ అనలేదు. పైగా హమాలీలు జాలి పడ్డారు, పెద్దాయన గుర్తుకి ఆ రామాంజి చెడ్డపేరు తెచ్చాడని. ఆ మాట వాళ్ల పెదాల మీద చదువుకుని ఆయన తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. ఇంటికి పోయి అన్నం వండుకుని, పొద్దుటి పచ్చిపులుసుతో తిన్నాడు. భార్య కుమారి పోయి నాలుగేళ్లు. అప్పట్లో ఇంటికి రాగానే ఆమె గిన్నెల చప్పుడు వినపడేది, ఇల్లు ఉందని తెలిసేది. ఇప్పుడు గిన్నె చెయ్యి జారి కింద పడినా అది పడిందో లేదో వంగి చూసుకోవాలి. మిల్లులో అందరూ తనని చూసి పక్కకి తప్పుకోవడం గౌరవమనే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. ఆ రాత్రి మాత్రం అది ఒంటరితనం అనిపించింది.

శనివారం సుందరయ్య రేపల్లె మీదుగా బస్సులో వచ్చాడు. పగిలిన దుంగని చూసి తల పట్టుకున్నాడు. ఆ పడవ మీద పదకొండు మంది తింటున్నారని, వేట మొదలయ్యే రోజుకి దూలం పడకపోతే వాళ్లంతా ఇంకొకరి పడవల మీద కూలికి పోవాలని చెప్పుకొచ్చాడు. అతను దుంగలకేసి చూస్తూ మాట్లాడుతుంటే ఎబినేజర్‌కి సగమే అందింది. అంత పొడుగు మద్ది మిల్లులో ఇంకొక్కటే ఉంది, నిన్న సాయంత్రమే దిగింది, ఇంకా గుర్తు వేయనిది. సుందరయ్య ఆయన్ని చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి తీసుకెళ్లాడు.

"నువ్వు కొట్టి చెప్పన్నా. నువ్వు బాగుందంటే చాలు, కళ్లు మూసుకుని పట్టుకుపోతా."

ఎబినేజర్ గొడ్డలి ఎత్తాడు. మొదట్లో కొట్టాడు, నడుమ కొట్టాడు, చివర కొట్టాడు. దెబ్బ మోచేతి దాకా వచ్చింది, చెవి దాకా రాలేదు. బెరడు బాగుంది. కోత ముఖం ఎర్రగా, చేవతో బాగుంది. ఆ పగిలిన దుంగ ముఖం కూడా ఇలాగే బాగుంది మరి. కుంచె జాజులో ముంచాడు గానీ చెయ్యి ముందుకి పోలేదు. సముద్రం మధ్యలో ఆ దూలం నోరు తెరిస్తే పదకొండు మంది. కుంచె డబ్బాలోనే వదిలేసి, సోమవారం చెబుతానన్నాడు. సుందరయ్యకి అర్థం కాలేదు. అనుమానమేమైనా ఉందా అన్నా అని రెండుసార్లు అడిగాడు. ఏం లేదు, సోమవారం రమ్మన్నాడు ఎబినేజర్.

సుందరయ్య వెళ్లాక హేమ బయటికి వచ్చింది. ఆ పిల్ల కాస్త కటువుగా మాట్లాడుతుంది గానీ మనసు మంచిది. బాపట్లలో సరుగుడు డిపో వాళ్ల నుంచి ఓనరు గారికి ఫోన్ వచ్చిందని చెప్పింది. వాళ్లకో కోతమిల్లు కూడా ఉందట, ట్రాలీకి మనిషి కావాలట. రామాంజి వచ్చి అడిగాడని, ఎలాంటివాడని వాకబు చేశారట. దుంగకీ దుంగకీ తేడా తెలియనివాడని మా సార్ చెప్పేశారు అంకుల్ అంది హేమ. అందుకని వాళ్లు ట్రాలీ ఇవ్వకుండా, సరుగుడు కర్రలు మోసే పనిలో పెట్టారట.

ఆదివారం ఎబినేజర్ చర్చికి వెళ్లాడు. అందరూ పాడుతుంటే పెదాలు కదిపాడు. ఎనిమిది నెలలుగా కదుపుతూనే ఉన్నాడు గానీ, ఆ రోజు మూడో చరణం మధ్యలో పెదాలు కూడా కదల్లేదు. ప్రార్థన పూర్తి కాకుండానే లేచి, స్టేషనుకి నడిచి, బాపట్ల రైలెక్కాడు.

డిపో సూర్యలంక రోడ్డులో ఉంది. లారీకి అడ్డంగా వేసిన పలక మీద నుంచి రామాంజి భుజాన నాలుగేసి సరుగుడు కర్రలు పెట్టుకుని ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. ముంజేతికి గుడ్డ అలాగే ఉంది. పదిహేనేళ్లు ట్రాలీ మీద నిలబడి, వెంట్రుకవాసి తేడా రాకుండా పలక తీసిన మనిషి. ఎబినేజర్‌ని చూసి కర్రలు దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, ఆయన కుడి వైపున, మొహానికి మొహం పెట్టి నిలబడ్డాడు. వీడు ఎప్పుడూ ఇటు వైపే నిలబడతాడని ఎబినేజర్‌కి అప్పుడే తట్టింది.

"ఆ దుంగ నాదేరా. గీత నేనే వేశా," అన్నాడు ఎబినేజర్. దారిపొడుగునా ఆ మాటని కూడబలుక్కుంటూనే వచ్చాడు.

"తెలుసు బాబాయ్. ఎక్కించింది నేనే కదా."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మా బాబాయికి వినపడదనా?"

ఎబినేజర్ అక్కడే కర్రల మోపు మీద కూర్చుండిపోయాడు. రామాంజి కూడా ఎదురుగా గొంతుక్కూర్చుని, అరవకుండా, ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు. కిందటి దసరాకి ముందు ఒకరోజు ట్రాలీ వెనక్కి వస్తూ బెల్లు కొడితే ఎబినేజర్ తప్పుకోలేదట. అప్పుడు తెలిసిందట. ఆ మర్నాటి నుంచి రోజూ ఆయన రాకముందే వచ్చి, లిస్టులో ఉన్న దుంగలన్నీ తనే కొట్టి చూసుకునేవాడట. పలుకు తేడాగా ఉన్నవాటిని గోడవారకి దొర్లించేవాడట.

"నీ గుర్తు చెరపడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు," అన్నాడు. "మొన్న నువ్వు ఓనరు గారితో చెప్పాక నాకూ పంతం వచ్చింది బాబాయ్. నాకెందుకు, గీత ఏం చెబితే అదే కోస్తా అనుకున్నా. ఆ దుంగ కొట్టి చూళ్లేదు. చూసుంటే తెలిసేది. అందుకే నోరెత్తలేదు."

ఎనిమిది నెలలు తప్పు పోలేదని ఎంత మురిసిపోయాడు! కళ్లు చెవుల పని నేర్చుకోలేదు. తన చెవులు పొద్దున్నే తనకంటే ముందు మిల్లుకొచ్చి, పని చేసి, తనకి తెలియకుండా పక్కకి తప్పుకునేవి. వాటి మీదే తను వెళ్లి పితూరీ చెప్పాడు. ఎబినేజర్‌కి ఏడుపొచ్చింది. సరుగుడు బెరడు గోటితో గీకుతూ కూర్చున్నాడు. తర్వాత, తిరిగి రమ్మని అడిగాడు. రామాంజి అడ్డంగా తల ఊపాడు. నలుగురిలో పడ్డ మాట పడ్డాక మళ్లీ ఆ గేటులోకి రాలేనన్నాడు. అత్తగారి ఊరు దగ్గరే, పిల్లల్ని ఇక్కడ బళ్లో వేసేస్తానన్నాడు. ట్రాలీ ఇస్తే బాగుండేది గానీ, తెనాలి నుంచి మంచి మాట రాకపోతే ఎవరిస్తారులే అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టుగానే అన్నాడు. లారీ మీద నుంచి ఎవరో పిలిచారు. లేచి వెళ్లి మళ్లీ కర్రలు ఎత్తుకున్నాడు.

తిరుగు రైల్లో ఎబినేజర్ కిటికీ పక్కన కూర్చుని లెక్క తేల్చుకున్నాడు. తను నోరు విప్పితే రామాంజికి బాపట్లలో ట్రాలీ దొరుకుతుంది, అక్కడే ఉండిపోతాడు. తనకి ఇక్కడ గొడ్డలీ ఉండదు, గొడ్డలి వెనక కాపు కాసే మనిషీ ఉండడు. విప్పకపోతే గుర్తు వేస్తూనే ఉండొచ్చు, ఏదో ఒక పడవ అడుగున తన గీత పగిలేదాకా.

సోమవారం పొద్దున్నే గోడవార ఉన్న ఏడు దుంగల్నీ అడ్డంగా కోయించమని ఓనరు గారిని అడిగాడు. ఎందుకని ఆయన అడిగితే, కోశాక చెబుతానన్నాడు. హమాలీలు చుట్టూ మూగారు. హేమ ఆఫీసు మెట్ల మీద నిలబడింది. సుందరయ్య అప్పుడే బస్సు దిగి వచ్చాడు. ప్రతాప్ మిషను రంపంతో ఒక్కోదాన్నీ నడిమికి కోస్తూ పోయాడు. మొదటిది డొల్ల. రెండోది డొల్ల. మూడోది లోపల వలయంలా పగిలి విచ్చుకుపోయింది. ఆ తర్వాత మూడూ డొల్లలే. ఏడోది మాత్రం నిక్షేపంలా ఉంది. రామాంజి కూడా మనిషే కదా.

అన్నిటి తలల మీదా జాజు గీతలు స్పష్టంగా ఉన్నాయి. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు. ఒక్క సున్నా లేదు.

"నాకు వినపడదండి," అన్నాడు ఎబినేజర్ అందరికీ వినపడేలా. "కిందటి వానాకాలం నుంచి. ఇవన్నీ వాడు కొట్టి చూసి పక్కన పెట్టినవి. మొన్న పగిలింది నేను గీత వేసిందేనండి. తల ముక్క నా కాళ్ల దగ్గరే పడుంటే కాలితో తిరగేశా."

హమాలీలు ఏదో గొణుక్కున్నారు, ఏమన్నారో ఆయనకి అందలేదు. బసవలింగం గారు దగ్గరికి వచ్చారు. కోపంగా లేరు. కోపంగా ఉంటేనే బాగుండేదని ఎబినేజర్‌కి అనిపించింది.

"గురువారం నాడు వాడు గేటు దాటకముందు ఈ మాట చెప్పుంటే, వాడు ఇక్కడే ఉండేవాడు ఎబినేజరూ," అన్నారు, ఒక్కో మాటా ఆగి ఆగి.

అక్కడే నిలబడి బాపట్లకి ఫోన్ చేశారు. ఎబినేజర్ ఆయన పెదాలే చూస్తూ నిలబడ్డాడు. తప్పు మాదేనండి అన్న మాట అందింది. అటువంటి చెయ్యి మీకు దొరకదు అన్నది కూడా అందింది. తర్వాత ఆయన అటు తిరిగిపోయారు.

ఇక మిగిలిన మద్ది సంగతి. హేమే ఓ మాట చెప్పింది. వారానికొకసారి ముందే లిస్టు రాయడమెందుకు, దుంగ రాగానే ముందు పై పలక తీసి, నడుమ ఒక కంత పొడిచి లోపల చూసుకుని, అప్పుడు ఏది దేనికో తేల్చుకుంటే లిస్టు ఏ రోజుకారోజు నేను రాసిస్తాగా అంది. కాస్త కర్ర పోతుంది, పోతే పోనీ. బసవలింగం గారు సరేనన్నారు. మద్దికి పలక తీశారు, సన్న బర్మాతో పొడిచారు. ఎర్రటి గట్టి పొట్టు వచ్చింది. సుందరయ్య ఆ పొట్టు అరచేతిలో వేసుకుని నలిపి చూసుకుని, ఇదే దూలం అన్నాడు. గీత వేయమని హమాలీ ఒకడు జాజు డబ్బా తెచ్చి ఎబినేజర్ ముందు పెట్టాడు. ఇక గీతతో పనిలేదని ఆయన చేత్తో సైగ చేశాడు.

ఉద్యోగం పోలేదు. చుట్టుకొలతలు తీసి హేమకి రాసివ్వాలి, అంతే. మధ్యాహ్నం కొత్త లారీ వచ్చింది. దుంగలు దిగుతుంటే రంపం ఆగలేదు. హమాలీలు టీకి పోలేదు. టేపు పట్టుకుని దుంగల మధ్య తిరుగుతున్న ఎబినేజర్‌కి వాళ్లు భుజాలు తగిలించుకుంటూ పోయారు, తప్పుకోవాల్సిన మనిషి అక్కడ ఎవరూ లేనట్టు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా విప్పి, పొయ్యి మీద ఎసరు పెట్టాడు. జేబులో ఫోన్ అదిరింది. తీసి చూస్తే రామాంజి పేరు. ఈ ఎనిమిది నెలల్లో ఫోన్ అదిరితే ఆయన అది ఆగేదాకా చూస్తూ కూర్చునేవాడు, మర్నాడు చార్జింగు లేదని చెప్పేవాడు. ఈసారి ఎత్తి కుడి చెవికి ఆనించుకున్నాడు. ఎక్కడో దూరాన మనిషి గొంతు ఉన్నట్టు తెలుస్తోంది, హెచ్చుతూ తగ్గుతూ. ట్రాలీ ఇచ్చారని చెబుతున్నాడా, ఎందుకు చెప్పావు బాబాయ్ అని తిడుతున్నాడా, ఏదీ తేలలేదు. ఎసరు మరిగి పొంగుతోంది.

"ఒరే రామాంజీ," అన్నాడు ఎబినేజర్. "నువ్వు చెప్పేది ఒక్క ముక్కా వినపడటం లేదురా నాకు."

అటు గొంతు ఆగిపోయింది.

"పెట్టెయ్యకు," అన్నాడు. "మాట్లాడు."